వెళ్తాను, వెళ్లనా

మద్రాసులో పనిచేసిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1728లో తెలుగుకు లాటిన్‌లో వ్యాకరణం రాశాడు. దాన్ని అతని మాటల్లోనే చదవాలని, తెలుగు పంతులుగా రిటైరయ్యాక కిషన్‌బాగ్‌లో మా ఇంట్లో లాటిన్ మొదలుపెట్టాను.

నా తెలివితక్కువతనం అక్కడే బయటపడింది. 'వినడం' అనే క్రియ 'అవుదీరె'. 'వింటాను' అనాలంటే 'అవుదియమ్'. 'వెళ్లడం' 'ఈరె'. చివర రెండింటికీ 'ఈరె' ఉందిగదా అని, పట్టిక తిరగేయకుండానే 'వెళ్తాను'కు 'ఎయమ్' అని నిర్ణయించుకున్నాను. అంతటితో ఆగితే బాగుండేది. సెమినరీలో చేరబోతూ సాయం అడిగిన కుర్రాడికి కూడా అదే నేర్పాను. నన్ను నమ్మి రాసుకున్నాడు.

ఎయమ్ అంటే 'వెళ్తాను' కాదు, 'వెళ్లనా'. భవిష్యత్తు 'ఈబో'. మా వీధిలో పిల్లలు రోజూ అమ్మను "జావూఁ?" అని అడుగుతారు, మొండికేస్తే "జావూఁగా" అంటారు. ఉర్దూలో ఇంత స్పష్టంగా వినబడే తేడా నాకు తట్టలేదు. రోజూ వెళ్తాను, రేపు వెళ్తాను అని రెండింటికీ ఒకే రూపం వాడే భాష మనది. ఆ అలవాటే అడ్డొచ్చిందని చెప్పుకోవచ్చు. కానీ 'వచ్చు' ధాతువు వస్తాను, రాను, రా అని ఎన్ని రూపాలెత్తుతుందో ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాడికి ఆ సాకు చెల్లదు. ఎక్కువ వాడే క్రియలే దారి తప్పుతాయని నాకు తెలుసు.

నిజానికి అవి దారి తప్పనూ లేదు. 'ఉంటాను' అనే 'ఎరో' ఒకప్పుడు 'ఎసో'. అచ్చుల మధ్య సకారం రేఫగా మారింది. సంస్కృతంలోని 'అస్' దానికి చుట్టం. 'చేయగలను' అనే 'పొస్సుమ్'కు భవిష్యత్తు 'పొతెరో', అందులో వెనకున్నదీ ఎరోనే. ఈబోలోని 'బో'కూ మన భూ ధాతువుకూ మూలం ఒకటేనంటారు భాషాశాస్త్రజ్ఞులు. సంస్కృతం చదువుకున్నవాణ్ణి, ఇది చూసి ఎంత సంతోషించానో అంత సిగ్గుపడ్డాను.

కుర్రాణ్ణి పిలిచి తప్పు ఒప్పుకున్నాను, ఈబో అని దిద్దించాను. 'ఫెరమ్' కూడా కొట్టేయబోతే ఆపాను. 'తెస్తాను', 'తేనా' రెండింటికీ ఆ ఒక్క రూపమే. మధ్యమ పురుషలోకి వచ్చాకే అవి ఫెరేస్, ఫెరాస్ అని విడిపోతాయి.