బాగుంది... బాగుంది... చాలా బాగుంది!

మా మేనకోడలు ఎనిమిదో తరగతి. మొన్న బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. ఒకరి వ్యాసం ఒకరు చదివి అభిప్రాయం రాయమన్నారట. చేసిన నేరం? పక్క బెంచీ పిల్ల రాసిన వ్యాసం చదివింది. పూర్తిగా చదివింది! అక్కడితో ఆగినా పోయేది. కింద తన అభిప్రాయం కూడా రాసింది.

'మా తాతయ్య' అన్నది వ్యాసం. మనమ్మాయి పెన్సిలుతో రాసింది ఇదీ: "మీ తాతయ్య అని మొదలుపెట్టి, మూడో వాక్యానికే గాంధీ తాత దగ్గరికి వెళ్లిపోయావు. మీ తాతయ్య చుట్ట కాలుస్తారనీ, రేడియో చెవి దగ్గర పెట్టుకునే నిద్రపోతారనీ నాకు చెప్పావుగా? అవి రాయి."

ఇంతకంటే మంచి సమీక్ష ఈమధ్య మీరెక్కడైనా చదివారా? టీచరమ్మ మాత్రం రబ్బరు పెట్టి తుడిపించారు. "అందరూ 'బాగుంది' అని రాశారు. నీకెందుకే ఈ పెత్తనం? రేపు ఇన్‌స్పెక్షనుకి వస్తున్నారు" అని నాలుగు చీవాట్లు అదనం. ఇప్పుడా తరగతిలో నలభై మూడు నోటు పుస్తకాలు, నలభై మూడు 'బాగుంది'లు. అన్నీ ఒకే చేతిరాతలో లేవు, అదొక్కటే ఊరట.

టీచరమ్మను తిట్టి ఏం లాభం? ఆమెకు కావాల్సింది పిల్ల ఆలోచన కాదు, నిండిన గడి. ఆ గడి గీసింది పైవాళ్లు.

పైవాళ్ల మాటలు వింటే కడుపు నిండిపోతుంది. నిరంతర సమగ్ర మూల్యాంకనం అంది 2009 విద్యాహక్కు చట్టం. 2020 జాతీయ విద్యా విధానం ఇంకో మెట్టెక్కింది. ప్రగతి పత్రం 360 డిగ్రీల్లో ఉండాలట. టీచరుతో పాటు పిల్లలు తమను తామూ, తోటివాళ్లనూ అంచనా వేయాలట. బ్రహ్మాండం! మరి తోటివాడి రాత కుదురుగా చదవడానికి పీరియడేదీ? అయినా 360 డిగ్రీలు తిరిగిన మనిషి బయల్దేరిన చోటే నిలబడతాడని ఒక్కరికీ తట్టలేదా?

మన దగ్గర ఫార్మేటివ్ పరీక్షలు ఏడాదికి నాలుగు. అందులో 'పిల్లల భాగస్వామ్యం - ప్రతిస్పందనలు' అని ఓ అంశం. పేరు ఎంత ముచ్చటగా ఉందో! చదవాలి, ఆలోచించాలి, సొంత మాటల్లో చెప్పాలి. జరిగేదేమిటి? ఒకడు రాస్తాడు, మిగతావాళ్లు దించుతారు. పదో తరగతిలో వీటికే ఇంటర్నల్స్ పేరిట 20 మార్కులు పెట్టారు. ఇక చూస్కోండి, ఇరవైకి ఇరవై ప్రసాదంలా పంచిన బడులెన్నో! ఆంధ్రప్రదేశ్ 2019లో ఆ ఇరవై ఎత్తేసింది. తెలంగాణ 2024 నవంబరులో ఎత్తేస్తున్నామంది. వెంటనే నాలిక్కరుచుకుని, ఈ ఏడాదికి కాదు వచ్చే ఏడాది నుంచి అంది. తీరా ఆ ఏడాది వచ్చాక, ఉండనిద్దాం అంది. పిల్లల ప్రతిస్పందన సంగతి సరే, సర్కారు వారి ప్రతిస్పందనకు ఎన్ని మార్కులేద్దాం?

అసలు పిల్లలు ఎవర్ని చూసి నేర్చుకోవాలి? ఏదైనా పుస్తకావిష్కరణ సభకు వెళ్లండి. వేదిక మీద పదకొండు మంది. విప్పినవాడు ఒక్కడు. అదీ రిబ్బను. ముఖ్య అతిథి "సమయాభావం వల్ల పూర్తిగా చదవలేకపోయాను గానీ..." అంటూ మొదలెట్టి నలభై నిమిషాలు వాయిస్తారు. ఆ నలభై నిమిషాలు చదివితే సగం పుస్తకం అయిపోయేది కదండీ! పొరపాటున ఎవడైనా చదివొచ్చి, ఫలానా కథ తేలిపోయిందన్నాడా, వచ్చే సభకు వాడికి పిలుపు రాదు. మనం చేసేది ఇది. పిల్లలకు మాత్రం 'విమర్శనాత్మక ఆలోచన' నేర్పుతాం! సిగ్గనిపించడం లేదూ?

అన్నట్టు, ఆ వ్యాసం సంగతి. ఎంత రుద్దినా పెన్సిలు గీత పూర్తిగా పోదు. పక్క బెంచీ పిల్ల ఆ గీతలు వెలుతురుకి పెట్టి చదువుకుంది. ఇంటికెళ్లి వ్యాసం మళ్లీ రాసింది. ఈసారి చుట్ట వచ్చింది, రేడియో వచ్చింది. గాంధీ తాత సెలవు తీసుకున్నారు. మనమ్మాయికి తెచ్చి చూపించింది.

టీచరమ్మకు చూపించలేదు.