మా గత్తం గుంట

మీకు చెత్త పారెయ్యడం కూడా రాదర్రా. కోపం తెచ్చుకోకండి, ముసలాడి నస కాసేపు వింటే మీ ఫోన్లేం అలగవు.

మా రోజుల్లో ఉద్దానంలో ప్రతి పెరట్లో గత్తం గుంట ఉండేది. పేడ, పొయ్యిబూడిద, కూర తొక్కలు, రాలిన ఆకులు, అన్నీ అందులోకే. ఏడాది తిరిగేసరికి నల్లగా మాగేది, బండికెత్తి పొలానికి తోలేవాళ్లం. పలాసలో జీడిపిక్కల తొక్కు కూడా పొయ్యిలోకి పోయేది. ఇనుపముక్క మిగిలితే పాతసామాన్లవాడు ఉల్లిపాయలిచ్చి పట్టుకెళ్లేవాడు. ఆ ఉల్లిపాయలు తక్కువిచ్చాడని మా అమ్మ వాడితో వేసుకున్న తగువులు కాశీబుగ్గ దాకా వినిపించేవి. ఆ రోజు ఇంట్లో పులుసు తప్పదు. సరే, ఏం చెబుతున్నాను? చెత్త.

ఇప్పుడు అన్నం మెతుకులు, చచ్చిన బ్యాటరీ, పగిలిన ట్యూబులైటు, రంగుడబ్బా అన్నీ ఊరి బయట ఒకే దిబ్బ. వాన పడితే నీళ్లు దాంట్లోంచి దిగి నల్లటి ఊటగా కారతాయి, ఇంజినీర్లు లీచేట్ అంటారు. దిబ్బ కొత్తలో గాలాడక లోపలి తిండి పులుస్తుంది. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు ఉంచితే ఏమవుతుందో మీ అమ్మమ్మనడగండి, ఇక్కడా అంతే. ఆ పులుపుకి సీసం, కాడ్మియం, జింకు, నికెలు కరిగి ఊటలో కలుస్తాయి. ఏళ్లు గడిచి మీథేన్ పుట్టే వేళకి పులుపు విరిగిపోతుంది. అప్పుడు లోహాలు గంధకంతో కూడి సల్ఫైడ్లుగా గట్టిపడి చాలావరకు దిబ్బలోనే ఉండిపోతాయి. 30 ఏళ్లలో ఊటతో బయటికొచ్చేది మొత్తం లోహంలో నూరోవంతు కూడా కాదట.

‘మరెందుకు తాతా గోల?’ అంటారు, తెలుసు. మిగిలిందంతా ఎక్కడికి పోయిందర్రా? లోహం కుళ్లదు, అక్కడే కూర్చుంటుంది. దిబ్బని తవ్వితే గాలి తగిలి ఆ సల్ఫైడ్లు మళ్లీ విడిపోతాయి. నిప్పుపెడితే పాదరసం పొగలోకి, సీసం బూడిదలోకి. కుళ్లిన చెత్తలో పుట్టే హ్యూమిక్ పదార్థాలూ, కంటికానని నలుసులూ లోహాన్ని పట్టుకుని నేలనీటిలోకి దిగుతాయి. బంకమట్టి అయితే కొంత ఆపుతుంది. మన తీరంలో ఉన్నది ఇసుకాయె!

మన ఉద్దానంలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు నీళ్ల మాటెత్తితే ఎవరికైనా కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది. ఆ జబ్బుకి భారలోహాల్నీ, సిలికానీ, పురుగుమందుల్నీ, ఎండలో చాకిరీనీ అనుమానించారు. ఇదే కారణమని తేలలేదు. కాబట్టి చెత్తదిబ్బ మీదికి నెట్టను, నాకూ నోటికి కాస్త అదుపుంది. కానీ 700 కోట్ల పథకంతో హిరమండలం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో తెచ్చుకున్నాం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. ఇలాంటి చోట బావినీళ్లకి ఇంకో అనుమానం మన చేతులతో తగిలించాలా?

తడి, పొడి, ప్రమాదకరమైన చెత్త ఇంట్లోనే వేరుచెయ్యమని 2016లో కేంద్రం నిబంధన పెట్టింది. చూశారా, మా అమ్మ చదువు లేకుండానే చేసేది! అవునులే, ఆవిడ చేతికి బ్యాటరీ వచ్చుంటే అదీ గత్తంలోకే పోయేదేమో.

ఇంకోటి కూడా మీరు అడక్కముందే చెప్పేస్తాను. మా ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాళ్లలో కొందరు తగరంలో సీసం కలిపేవారు. స్కూటరు పెట్రోల్లో 2000 దాకా సీసమే. ఆ లెక్కన మేమింతకాలం ఎలా బతికామో దేవుడికెరుక. చారు మాత్రం ఆ గిన్నెల్లో కాచిందే చారు, మీ స్టీలు గిన్నెల్లోది వేణ్ణీళ్లు.