గౌరవనీయులైన బొగ్గు గారికి నమస్కారం

ఇంటర్ పిల్లలకు కొత్త పని పడింది. క్లాసు ముందు నిలబడి ఒక విషయం గురించి అయిదు నిమిషాలు మాట్లాడాలట. ఓట్లు అడగక్కర్లేదు. కన్నీళ్లు పెట్టించక్కర్లేదు. ఎదుటివాళ్లకు తెలియని సంగతి తెలిసేట్టు చెప్పి కూర్చుంటే చాలట. అందుకు ముందుగా కాగితం మీద ఒక చట్రం గీసుకోవాలట. ఎంత గొప్ప ఆలోచన! రాష్ట్రంలో మైకు పట్టుకున్న పెద్దమనిషి ఒక్కడూ చేయని పనిని పదహారేళ్ల పిల్ల నెత్తిన పెట్టాం.

సింగరేణి బొగ్గుగనుల ఊరు రామకృష్ణాపూర్ పిల్లనే అనుకుందాం. అంశం బొగ్గు. ఇంకేం, పండగే కదా? ఉండేది కంపెనీ క్వార్టర్. కిటికీ తెరిస్తే ఓపెన్‌కాస్ట్ గని దుమ్ము. బ్లాస్టింగ్ టైముకు గూట్లో గిన్నెలు గలగల. ఫస్ట్ షిఫ్టు చేసొచ్చిన బాపు నల్లా కాడ ముక్కు చీదుతుంటే నీళ్లు నల్లగా పారుతున్నాయి. ఎన్ని పైసలు పోసినా దొరకని సమాచారం అయిదడుగుల దూరంలో నిలబడి తువ్వాల అడుగుతోంది. పిల్ల ఏం చేస్తోంది? ఫోన్లో వెతుకుతోంది.

ఫోన్ ఏమంటుంది? బొగ్గు శిలాజ ఇంధనం అంటుంది. కోట్ల ఏళ్ల కిందట చెట్లు భూమిలో కూరుకుపోయాయంటుంది. రామకృష్ణాపూర్ అని కొడితే పరమహంస ఫొటో చూపిస్తుంది. దాన్ననీ లాభం లేదు. మున్సిపాలిటీకి క్యాతనపల్లి అని, రైల్వే స్టేషన్‌కు రవీంద్రఖని అని పేర్లు పెట్టుకున్న ఊరిని పాపం ఆ యంత్రం మాత్రం ఏమని వెతకాలి?

సరే, పిల్ల చట్రం రాసింది. చూడండి. ఒకటి: గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, వేదికనలంకరించిన పెద్దలకు, పూజ్య గురువులకు, నా తోటి విద్యార్థినీ విద్యార్థులకు హృదయపూర్వక నమస్సుమాంజలి. రెండు: నాకీ సువర్ణావకాశం కల్పించినందుకు ధన్యవాదాలు. మూడు: బొగ్గు మన జీవితంలో ఎంతో ముఖ్యమైనది. నాలుగు: బొగ్గును కాపాడుకోవడం మనందరి బాధ్యత. అయిదు: ఇంతటితో నా చిన్న ప్రసంగాన్ని ముగిస్తున్నాను, జై హింద్.

క్లాసులో వేదికే లేదు. దాన్ని అలంకరించిన పెద్దలెవరు? బెంచీలా? పోనీ, అందులోంచి బొగ్గు తీసేసి నీరు పెట్టండి. చెట్టు పెట్టండి. ఆడపిల్లల చదువు పెట్టండి. ఒక్క కామా కూడా కదలదు. అంత పకడ్బందీ చట్రం!

పిల్లను తిట్టడానికి మాత్రం నోరెట్లా వస్తుంది? పుట్టినకాడికెళ్లి విన్నది ఇదే కదా. ఏటా గనుల్లో రక్షణ పక్షోత్సవాలు జరుగుతాయి. షామియానా లేస్తుంది. హెల్మెట్లు పెట్టుకున్న నవ్వులతో ఫ్లెక్సీ లేస్తుంది. వేదిక మీదివాళ్ల పేర్లు హోదాలతో సహా చదవడానికే పావుగంట. బొకేలు. శాలువాలు. జ్యోతి ప్రజ్వలన. గాలికి జ్యోతి నిలవదు, నలుగురు చేతులు అడ్డం పెడతారు. భూమి కింద గాలి సంగతి మాట్లాడవచ్చినవాళ్లకు భూమ్మీద దీపం ఆగదు. ఆ తర్వాత అసలు మాట: రక్షణతో కూడిన ఉత్పత్తే మన ధ్యేయం. చప్పట్లు. ఆ ముక్క కార్మికుడికి కొత్తదా? షిఫ్టు షిఫ్టుకూ రక్షణ ప్రతిజ్ఞ చేసి దిగే మనిషి, సార్ ఆయన! మీకంటే బాగా వల్లించగలడు.

ఆ వేదిక ఎక్కని అంకెలు కొన్ని ఉన్నాయి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మంది పోయారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబర్ 16న, గోదావరిఖని 8ఏ గనిలో బండ కూలి 10 మంది. 2021 నవంబర్ 10న శ్రీరాంపూర్ ఎస్సార్పీ 3 గనిలో నలుగురు. 2022 మార్చి 7న అడ్రియాల గనిలో ముగ్గురు. మైకు ముందు వీటినేమంటారు? ‘దురదృష్టకర సంఘటనలు’ అంటారు. అంటే ఆ పొద్దు జాతకం బాగాలేదన్నమాట! నీళ్లు ఎటునుంచి వచ్చాయి, బండ ఎందుకు ఆగలేదు, ముందురోజు ఎవరు ఏం చూసి ఏం రాశారు. ఈ మూడు ముక్కలు చెబితే అది తెలియజెప్పే ప్రసంగం. శాలువా ప్రసంగానికి సరిగ్గా ఆ మూడే కరువు.

నిజానికి ఈ చట్రం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. వినేదెవరో ముందు చూసుకోవాలి. వాళ్లకు ఇప్పటికే తెలిసినదాన్ని పక్కన పెట్టాలి. చెప్పదలచింది ఒక్క వాక్యంలో రాయాలి. రాయలేకపోతే నీకే ఇంకా తెలియలేదని అర్థం. దాని కింద మూడు అంశాలు, మహా అయితే నాలుగు. ప్రతిదానికీ ఒక ఆధారం, అది ఎక్కడిదో చెప్పే నిజాయితీ. ఒకదాని నుంచి ఇంకోదానికి ఎందుకు పోతున్నావో కలిపే ముక్క. మొదలు, ముగింపు ఆఖర్న రాసుకోవాలి. గడియారం ఎదురుగా పెట్టుకుని పైకి చదువుకోవాలి. అంతే.

ఇంత చిన్న కొలబద్ద. దీన్ని మన నాయకుల మీద పెట్టి చూద్దామా? సింగరేణి వారసత్వ ఉద్యోగాల సంగతే తీసుకోండి. కొడుకుకు కొలువు గ్యారంటీ అని ఎన్ని గొంతులు బొంగురుపోయాయి? 2017లో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. వారసత్వం కాస్తా కారుణ్యం అయింది. కార్మికుడు చనిపోతేనో, అన్‌ఫిట్ అయితేనో ఇంట్లోవాళ్లకు ఉద్యోగమట. అంటే కొడుకు బతుకు బాగుపడాలంటే బాపు ఒళ్లు చెడాలి. ఒక అంశం నుంచి ఇంకో అంశానికి ఎట్లా దూకారు? కలిపే ముక్క ఏది? ఆధారం ఏది? ఈ లెక్కన ఫస్ట్ క్లాసు మాట అటుంచండి, పాస్ మార్కులన్నా పడతాయా?

అసలు ఈ విద్యకు బొగ్గుబాయిని మించిన బడి లేదు. పాత గేట్ మీటింగులు చూసినవాళ్లనడగండి. షిఫ్టు మొదలయ్యే ముందు దొరికేది కాసింత సమయం. ఎదురుగా సద్దిగిన్నె పట్టుకున్న మనిషి. మస్టర్ పడాలి, క్యాప్‌ల్యాంప్ తీసుకోవాలి, సైరన్ మోగేలోపు లోపలుండాలి. ఆయనకు నమస్సుమాంజలి చెబుతూ కూర్చుంటే తిట్టుకుంటూ పోతాడు. అందుకే నాయకుడు సూటిగా ఎత్తుకునేవాడు. ఇంత బొగ్గు తీసినం. ఇంత లాభం వచ్చింది. మన వాటా ఇంత. ఇస్తనన్నది ఇంత. రేపు ఏం చేద్దాం? అయిపోయింది ప్రసంగం. ఎవరు నేర్పారు ఆయనకు? వినేవాడి తొందరే నేర్పింది. ఇప్పుడు అదే గేటు కాడ డీజే, పటాకులు, క్రేన్‌తో గజమాల. దండ దిగేసరికే సైరన్ మోగుతుంది. సారుకు ఇక మాట్లాడే పని తప్పింది, బతికిపోయాడు.

ఇంకో క్లాసు కూడా ఉంది. దాని పేరు ప్రజాభిప్రాయ సేకరణ. గని తవ్వాలంటే ముందు జనానికి తెలియజెప్పాలి. ఎట్లాగో 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ నోటిఫికేషన్ రాసిపెట్టింది. 30 రోజుల ముందు చెప్పాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. అంతా వీడియో తీయాలి. చివర్న జనం అన్నదాని సారాంశం వాళ్ల భాషలో చదివి వినిపించాలి. ఇంగ్లిష్ లెక్చరర్ కూడా ఇంత చక్కటి చట్రం గీయలేడు. కానీ అందులోనే ఇంకో ముక్క ఉంది. సభ మొదలుపెట్టడానికి ఇంతమంది ఉండాలన్న నియమమేమీ లేదట! వినేవాళ్లు లేకున్నా ప్రసంగం చెల్లుతుందట. పిల్ల ఖాళీ క్లాసుకు చెబితే సున్నా. పెద్దలు ఖాళీ షామియానాకు చెబితే పర్మిషన్‌కు దారి.

జనం వచ్చారనే అనుకోండి. ఏం చెబుతారు? ఓవర్‌బర్డెన్ అంటారు. పీఎం టెన్ అంటారు. డెసిబెల్స్ అంటారు. తెర మీద రంగురంగుల పటాలు తిప్పుతారు. వెనక వరసలో ఒక అవ్వ లేచి ‘నా బాయిల నీళ్లుంటయా ఉండయా, గది చెప్పు బిడ్డా’ అంటే? ‘నోట్ చేసుకున్నాం, కూర్చోమ్మా.’ ఇంకా ఎన్నాళ్లు కూర్చోవాలి ఆ అవ్వ?

ఇక సర్కారు వంతు. పిల్లలు నోరు విప్పాలని 2023-24 నుంచి ఇంటర్ ఇంగ్లిష్‌కు ప్రాక్టికల్స్ పెట్టారు. 80 మార్కులు రాతకు, 20 దీనికి. ఆశయం బంగారం. మరి ఇంగ్లిష్ ల్యాబులో జరిగేదేమిటి? వంద మంది పిల్లలకు తలా అయిదు నిమిషాలంటే ఎనిమిది గంటలు దాటుతుంది. అంటే ఒక పూర్తి షిఫ్టు. ఓవర్‌టైమ్ ఎవరిస్తారు? ఉన్న ఒక్క లెక్చరర్ ఆ కుర్చీలోంచి లేవకుండా వింటాడనే అనుకున్నారా? మార్కులెట్లా పడతాయో మీకు నేను చెప్పాలా? నోరు నొప్పి పెట్టేట్టు సాధన చేసిన పిల్లకూ ఇరవయ్యే. మూగనోము పట్టిన పిల్లకూ ఇరవయ్యే. సామాజిక న్యాయమంటే ఇదే కాబోలు.

అందుకే బిడ్డా, ఒక మాట. ఆ ఇరవై ఎట్లాగూ పడతాయి. మరి భయమెందుకు? ఆ నమస్సుమాంజలి కొట్టెయ్. ఒక్క వాక్యం రాసుకో: మా బాపు తలమీది బండ ఎట్లా నిలబడుతుందో చెబుతాను.

మొదటి అంశం, చప్పుడు. పని మొదలుపెట్టే ముందు పైకప్పును తట్టి వింటారు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే పొర విడిచిందన్నట్టు, కింద నిలబడొద్దు. నమ్మకపోతే బాపును అడుగు, గోడ మీద ఒకసారి, తలుపు మీద ఒకసారి కొట్టి తేడా వినిపిస్తాడు. క్లాసులో నువ్వూ అట్లాగే కొట్టి చూపించు. ఆఖరి బెంచీవాడు కూడా తలెత్తుతాడు.

రెండోది, గాలి. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య కలిసిన గాలికి ఒక్క నిప్పురవ్వ చాలు. దాన్ని కొలిచేదెవరు? రాసే పుస్తకం ఏది? ఆ పుస్తకం తెరిచి చూసేదెవరు?

మూడోది, మనుషులు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా 16 వేల మంది. ఇప్పుడు 40 వేల దగ్గర. బొగ్గేమో తగ్గలేదు, 2023-24లో 7 కోట్ల టన్నులు తీశారు. తగ్గిన మనుషుల పని ఎవరు చేస్తున్నారు? యంత్రం ఎంత, కాంట్రాక్టు కూలీ ఎంత? ఆ కూలీకి ఇచ్చే జీతమెంత? మీ అన్న డిగ్రీ చేసి ఏ చౌరస్తాలో నిలబడ్డాడు?

ఎక్కడిదీ సమాచారం అని సార్ అడిగితే మా ఇంట్లోది అని చెప్పు.

ఈ సందట్లో ఎవరో ఒకరు చీఫ్ గెస్టును పిలుద్దామంటారు. వద్దనకు, పిలవనియ్. శాలువా కప్పకుండా ముందు బెంచీలో కూర్చోబెట్టు. ఒక కాగితం, పెన్ను చేతికియ్యి. అయిదు నిమిషాలు మాట్లాడకుండా రాసుకొమ్మను. అయిపోయాక, ఏమన్నా డౌట్లున్నాయా సార్ అని అడుగు.