కొల్లేరుకూ హాజరు వేయండి

మొత్తానికి ఢిల్లీ కనిపెట్టేసింది. ఉపాధి హామీ పనిలో ఫోటోకే ఫోటో తీసి హాజరు వేసేస్తున్నారట! 2025 జూలై 8న కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ పంపిన సర్క్యులర్లో ఇలాంటి మాయలు ఏడు రకాలున్నాయి. మస్టర్లో ఆడవాళ్లుంటే ఫోటోలో మగవాళ్లు, ఒకే ముఖాలు పలు మస్టర్లలో, పొద్దున ఉన్నవాళ్లు మధ్యాహ్నానికి మాయం... విరుగుడూ వాళ్లే చెప్పారు. ఇక ప్రతి ఫోటోనీ పంచాయతీలో ఒక మనిషి కూర్చుని చూడాలి. మనిషిని నమ్మలేక హాజరు యాప్ పెట్టారు, యాప్‌ని నమ్మలేక మళ్లీ మనిషిని పెట్టారు.

2009లో అమెరికాలో ఫోర్‌స్క్వేర్ యాప్ వచ్చినప్పుడు ఉన్నచోటు చాటుకోవడం సరదా. కాఫీ కొట్టుకు పదేపదే వెళ్లి ‘ఇక్కడున్నా’ అని నొక్కితే ఆ కొట్టుకు మీరే ‘మేయర్’. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనుల్లో ఆ నొక్కుడే కూలికి షరతైంది. దెందులూరు వైపు కాలవలో పూడిక తీసే ఆమెకి ఇంతవరకూ ఎవరూ మేయర్ పదవి ఇవ్వలేదు.

అయినా ఇంత గొప్ప సాధనం కూలీల దగ్గరే ఆగిపోవడం ఏం న్యాయం? కొల్లేరు సరస్సునీ యాప్‌లో ఎక్కించాలి. మేటుగా కొల్లేటికోట అమ్మవారు పెద్దింట్లమ్మ ఉండనే ఉంది, సెలవడగదు. మస్టర్లో పేరు 1999లోనే ఎక్కింది: ఐదో కాంటూరు దాకా అభయారణ్యం, 308 చదరపు కిలోమీటర్లు. ఇక సరస్సు రోజూ రెండు పూటలా వచ్చి ఫోటో దిగడమే తరువాయి.

మొదటిరోజే దొరికిపోతుంది. మస్టర్లో సరస్సు, ఫోటోలో చేపల చెరువు. మస్టర్లో గూడబాతులు, ఫోటోలో నీళ్లు చిమ్మే ఏరేటర్లు. పొద్దున నీళ్లు, మధ్యాహ్నానికి పొక్లెయిన్. ఒకే చెరువు నలుగురి పేర్ల మీద. ఫోటోకి ఫోటో కావాలంటే ఆటపాకలో పక్షుల బొమ్మల బోర్డు ఉండనే ఉంది. చిత్తడి నేలల్ని కాపాడే రామ్సర్ ఒప్పందం వాళ్లకి దాన్నే పంపొచ్చు. పాపం బుడమేరు, తమ్మిలేరు మాత్రం నిజాయతీపరులు. వానాకాలం రాగానే ‘హాజర్’ అంటూ వచ్చేస్తాయి. లోపల గట్లు అడ్డం. చేసేదేముంది, ఊళ్ల మీద చెక్-ఇన్ అవుతాయి.

నవ్వింది చాలు. 2006లో కొట్టేసిన చేపల చెరువుల గట్లు మళ్లీ లేచాయి. గట్టు నడిచిపోదు, ముఖం చాటేయదు, ఉపగ్రహానికి కూడా కనిపిస్తుంది. దాన్ని లొకేషన్ అడిగే నాథుడు లేడు. తెల్లారకముందే గునపం పట్టి, మట్టితట్ట మోసిన ఆడమనిషిని మాత్రం ఎండలో మళ్లీ నిలబెట్టి, సిగ్నల్ లేదు, ఫోటో ఎక్కలేదు, కాబట్టి ఇవాళ నువ్వు రాలేదంటారు. వచ్చింది కదయ్యా! తవ్విన గుంత అక్కడే ఉంది, వెళ్లి చూడండి. దొంగ మస్టరు రాసుకున్నవాడు ఎవడో మీకు తెలుసు, సరస్సులో వందల ఎకరాలు చుట్టబెట్టినవాడు ఎవడో కూడా తెలుసు. వాళ్ల జోలికి వెళ్లే దమ్ము లేక ఈమె పూటకూడు మీద పడ్డారు. ముందు ఆ కూలి డబ్బులు ఇవ్వండి, ఫోటో తర్వాత తీసుకుందురుగాని.