మంద్రస్థాయి

పబ్‌లో బ్యాండు వాయిస్తుంటే జనం ముందు పాడేవాణ్ణి చూస్తారు. ఆ తరవాత లీడ్ గిటార్ వాణ్ణి. డ్రమ్ములతన్ని చూడకపోయినా నష్టం లేదు, చెవులు మూసుకున్నా వినపడతాడు. విరామంలో గ్లాసు పట్టుకుని నా దగ్గరికొచ్చే పెద్దమనిషి మాత్రం ఎప్పుడూ ఒకటే అడుగుతాడు: "దీనికి రెండు తీగలు తెగిపోయాయా?"

తెగలేదు. నాకున్నవే నాలుగు. నేను బేస్ గిటార్‌ని. మామూలు గిటారులో మంద్రంగా పలికే నాలుగు తీగలకున్న పేర్లే నా తీగలకూ ఉన్నాయి, కాకపోతే నేను ఒక స్థాయి కింద పలుకుతాను. అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. అంత కింది స్వరం చెవి కంటే ముందు అరికాళ్లకు తెలుస్తుంది, బల్ల మీద గ్లాసులకు తెలుస్తుంది. నన్ను గుర్తుపట్టని ఆ పెద్దమనిషి కూడా అరగంట నుంచీ కాలు ఆడిస్తున్నది నాతోనే.

మా వంశానికి మూలపురుషుడు కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసుకునే లియో ఫెండర్. ఆయనకు గిటారు వాయించడం రాదు. అప్పటిదాకా బేస్ అంటే మనిషంత ఎత్తున్న డబుల్ బేస్. మోయడం కష్టం, మెట్లు లేవు కాబట్టి స్వరం వేలి అంచనా మీద పలకాలి, పక్కన ట్రంపెట్లు మోగితే వినపడేదే కాదు. 1951లో ఆయన దానికి మెట్లు పెట్టి, పికప్ బిగించి, భుజాన తగిలించుకునేలా చేశాడు. నేను పుట్టింది 1983లో, జపాన్‌లోని మత్సుమోతోలో, ఫుజిజెన్ ఫ్యాక్టరీలో. అప్పటికి జపాన్ వాళ్లు తీస్తున్న నకళ్లు బాగా అమ్ముడుపోతున్నాయి. దాంతో ఫెండర్ కంపెనీ 1982లో అక్కడే శాఖ పెట్టి, వాళ్లచేతే అధికారికంగా చేయించడం మొదలుపెట్టింది. నా తల మీద స్క్వైర్ అని ఉంటుంది, నంబరు జేవీతో మొదలవుతుంది. ఇప్పుడు జేవీ అంటే సేకరించేవాళ్లు కళ్లింత చేసుకుంటారు. అప్పట్లో మేం చవకరకం సరుకు.

అందుకే పనికొచ్చాను. వెస్ట్ యార్క్‌షైర్‌లో వడ్రంగం నేర్చుకుంటున్న పంతొమ్మిదేళ్ల కుర్రాడు నన్ను నెలవారీ వాయిదాల మీద కొన్నాడు. అతనికి గిటారు వాయించాలనే ఉండేది. స్నేహితుల్లో ఇద్దరు అప్పటికే గిటార్లు పట్టుకున్నారు. బేస్ లేదు. పైగా వ్యాను ఉన్నది ఇతనొక్కడి దగ్గరే. బేస్ వాయించేవాళ్లలో చాలామంది ఈ దారినే వచ్చారు, అడిగి చూడండి.

మా తొలి వేదికలు పబ్బులు కావు, కార్మికుల క్లబ్బులు. అక్కడ బ్యాండు కంటే బింగో ముఖ్యం. పాట మంచి పాకాన పడినా సరే, బింగో వేళయితే దిగిపోవాలి. అంకెలు చదివేటప్పుడు మావాడు పొరపాటున నా తీగ తాకితే హాలంతా తలతిప్పి చూసేది. నన్ను అంతమంది ఒకేసారి గమనించింది ఆ సందర్భాల్లోనే.

చిన్న పబ్బుల్లో ఇంకో చిక్కు. ప్రత్యేకమైన లైసెన్సు లేకపోతే ఇద్దరికి మించి వేదిక ఎక్కకూడదని అప్పటి చట్టం. ఆ ఇద్దరూ ఎవరో చెప్పక్కర్లేదు: పాడేవాడూ, గిటారు వాడూ. నా వంతు ఒక యంత్రంలోంచి మోగేది. యంత్రం వాయించే బేస్‌లో తప్పులుండవు, ఒప్పుకుంటాను. కానీ పాడేవాడికి ఊపిరి అందక అరక్షణం ఆగితే అది ఆగదు. 2005లో ఆ నిబంధన పోయింది గానీ కొత్త కాగితాలు వచ్చాయి. చిన్న వేదికలకు నిజంగా ఊపిరాడింది 2012లో వచ్చిన లైవ్ మ్యూజిక్ చట్టంతో. ఆ రెంటి మధ్యలోనే, 2007 జూలై 1న, ఇంగ్లండు పబ్బుల్లో పొగ తాగడం నిషేధించారు. నా పెట్టెలో లోపలి గుడ్డ ఇప్పటికీ సిగరెట్ కంపు కొడుతుంది. పొగ పోయాక ఆ గదుల అసలు వాసన బయటపడింది: పాత బీరు, తడి తివాచీ, చెమట. పాట నచ్చకపోతే జనానికి సిగరెట్ సాకుతో బయటికి పోయే వీలూ దొరికింది. ఏ పాట ఉంచాలో ఏది తీసెయ్యాలో మా బ్యాండు తేల్చుకునేది ఆ తలుపు వైపు చూసే.

మేం వాయించే పాటల్లో మావి ఒక్కటీ లేవు. అందులో నామోషీ ఏముంది? శనివారం రాత్రి ఆ గదిలోకి వచ్చేవాళ్లు కొత్త పాట కోసం రారు. తమకు తెలిసిన పాటను పక్కవాడి భుజం మీద చెయ్యేసి పాడటానికి వస్తారు. అయినా ఒక అన్యాయం చెప్పుకోవాలి. బేస్ అనగానే జనం నోటితో మోగించి చూపించే వరస 'సెవెన్ నేషన్ ఆర్మీ'ది. ఫుట్‌బాల్ మైదానాల్లో వేలమంది అరిచేది అదే. 2003లో దాన్ని చేసిన వైట్ స్ట్రైప్స్ బృందంలో ఉన్నదే ఇద్దరు, బేస్ వాయించే మనిషే లేడు. మామూలు గిటారు స్వరాన్ని ఒక పెడల్‌తో స్థాయి కిందికి దించారు, అంతే. మా కులానికి దక్కిన అతి పెద్ద పేరు మాది కాదన్నమాట. ఆ లోటు తీర్చేది ఫ్లీట్‌వుడ్ మ్యాక్ వాళ్ల 'ద చెయిన్'. అందులో అందరూ ఆగిపోయి బేస్ ఒక్కటే నడిచే చోటుంది. బీబీసీ 1978 నుంచి కారు పందేల ప్రసారానికి ఆ ముక్కనే వాడుకుంది కాబట్టి, పాట పేరు తెలియనివాళ్లకు కూడా అది ఎముకల్లో ఉంటుంది. నేను ఆ స్వరాలు మొదలుపెట్టగానే బారు దగ్గర డబ్బులిస్తున్న చేతులు కూడా ఆగుతాయి.

ఒకసారి రంపం కింద మా వడ్రంగి చెయ్యి తెగింది. కుట్లు పడ్డాయి. కొన్ని నెలలు వాయించకూడదన్నారు. ఆ ఆసుపత్రిలోనే పనిచేసే మత్తు డాక్టరు ఒకాయన, గుంటూరు వైపు కుర్రాడు, మాటల్లో మాటగా తను కాలేజీ బ్యాండులో బేస్ వాయించేవాణ్ణని చెప్పాడు. అలా బదిలీ మనిషిగా వచ్చి నన్ను భుజాన వేసుకున్నాడు.

అతని వేళ్లు వేరే. ఇళయరాజా పాటలు వింటూ పెరిగాయి. ఆయన బేస్ వరసను కూడా వాయించేవాడికి వదిలెయ్యకుండా తనే నొటేషన్ రాసి ఇస్తాడట. 'గీతాంజలి' పాటలు ఇంట్లో క్యాసెట్టులో మోగుతుంటే అందరూ బాలసుబ్రహ్మణ్యం గొంతు వినేవాళ్లు, ఈ పిల్లవాడు స్పీకరుకు చెయ్యి ఆనించి కింద పరుగెత్తే వరస వినేవాడు. అది పాట వెంట నడిచే బేస్ కాదు, పాటతో పోటీపడి పాడే బేస్. మొదటి సాధన రోజు అదే ధాటిలో నన్ను వాయించాడు. నా ఇరవై మెట్లలో కొన్నింటికి అదే తొలి స్పర్శ. గిటారు వాడు నోరు తెరిచాడు. మా వడ్రంగి కట్టు కట్టిన చేత్తో టీ తాగుతూ విన్నాడు.

"చాలా బాగా వాయిస్తున్నావు అబ్బాయ్," అన్నాడు. "అందులో సగం తీసెయ్."

"ఏ సగం తియ్యమంటారు?"

"వాళ్లు డాన్స్ చెయ్యలేని సగం."

డాక్టరు నవ్వాడు గానీ ఆ మాట పట్టుకున్నాడు. కొన్ని వారాల్లో అసలు విద్య ఒంటబట్టింది. బేస్‌లో స్వరం మొదలుపెట్టడం ఎవరికైనా వస్తుంది. డ్రమ్ములతని కుడికాలు పడ్డప్పుడే నా తీగా మోగాలి, అది లెక్క. కష్టమంతా స్వరాన్ని ఎక్కడ తుంచాలన్నదే. వెనక స్నేర్ డ్రమ్ము పడే ముందు ఎడమచేతి వేళ్లు కాస్త సడలించి తీగ నోరు మూస్తే, ఆ వెంట్రుకవాసి నిశ్శబ్దంలో దెబ్బ గట్టిగా వినిపిస్తుంది, జనం మడమ పైకి లేస్తుంది. మూయకుండా సాగదీస్తే గదంతా బురద. కచేరీల్లో లాగా చెవులప్పగించి కూర్చునే శ్రోతలు పబ్‌లో ఉండరు. ఉన్నా ఇది వాళ్లకు తెలియదు, నడుముకు తెలుస్తుంది.

అతనుండగానే ఒక పబ్‌లో కరెంటు పోయింది. పోయిందనడం తప్పు, తీసేశారు. ఇరుగుపొరుగు ఫిర్యాదుల వల్ల చాలాచోట్ల గోడకు శబ్దాన్ని కొలిచే పెట్టె బిగించారు. పచ్చ, పసుపు, ఎరుపు దీపాలు. ఎరుపు కాసేపు వెలిగిందంటే వేదిక మీది ప్లగ్గులన్నీ చస్తాయి. కిల్లర్స్ వాళ్ల 'మిస్టర్ బ్రైట్‌సైడ్' నడుస్తోంది. జనం మాకంటే గట్టిగా పాడుతున్నారు కాబట్టి తప్పు సగం వాళ్లది. టక్కున గిటారు, మైకు, నేను, అందరం మూగబోయాం. డ్రమ్ములు మాత్రం ఆగలేదు. జనం కూడా. పాట వాళ్లకు నోటికొచ్చు, మా అవసరమేముంది?

ఉత్సాహంలో గొంతులు ఒక్కో పాదానికీ పైకి ఎక్కుతున్నాయి. కరెంటు వచ్చేసరికి గది మొత్తం అసలు శ్రుతికి పైన ఎక్కడో తేలుతోంది. గిటారు వాడు ఆత్రంగా మీటాడు. పళ్లు పులిసినంత పనైంది. డాక్టరు తొందరపడలేదు. నా తీగల మీద అరచెయ్యి ఆనించి, పల్లవి తిరిగి వచ్చేదాకా ఆగి, తొలి దెబ్బకు ఒకే ఒక్క కింది స్వరం వేసి దాన్ని అలాగే నిలబెట్టాడు. మరో రెండు పాదాలు గడిచేసరికి నూరుమంది గొంతులూ దిగి వచ్చాయి. దిగామని వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

"మా అమ్మ ఇంట్లో సంగీతం చెప్పేది," అన్నాడు డాక్టరు సామాను సర్దుతూ. "శ్రుతిపెట్టె కట్టేస్తే పిల్లలు ఇలాగే పైపైకి పోయేవాళ్లు."

డ్రమ్ములతను ఆలోచించాడు. "ఆ పెట్టె ఒకటి కొంటే బేస్ వాడికి వాటా ఇవ్వక్కర్లేదు కదా?"

సామాను సర్దడం అన్నాను కాబట్టి ఇంకో మాట. రాత్రి ఎంత పొద్దుపోయినా మావాళ్లు నన్ను వ్యానులో వదలరు. 1961లో హాంబర్గ్‌లో పాల్ మెకార్ట్నీ దాదాపు 30 పౌండ్లకు కొన్న వయొలిన్ ఆకారపు హోఫ్నర్ బేస్‌ను 1972లో లండన్‌లోని నాటింగ్‌హిల్‌లో వ్యానులోంచే ఎత్తుకుపోయారు. దొంగ దాన్ని అమ్మింది ఎవరికనుకున్నారు? పక్కనే ఉన్న ఒక పబ్ యజమానికి. తరవాత ఎవరింటి అటకమీదో ఉండి, అర్ధశతాబ్దం దాటాక సొంతదారుడి చేతికి వచ్చింది. 2024లో ఆ వార్త రాగానే మా వడ్రంగి దాన్ని కత్తిరించి నా పెట్టె మూతకు లోపల అంటించాడు.

డాక్టరుకు శిక్షణలో భాగంగా ఇంకో ఊరికి బదిలీ అయింది. వడ్రంగి చెయ్యి నయమైంది, చూపుడువేలు మాత్రం కాస్త మొద్దుబారింది. తీగలు మసకబారితే ఆయన కొత్తవి కొనడు. వంటింట్లో గిన్నెడు నీళ్లలో ఉడకబెడతాడు. వేళ్ల జిడ్డు వదిలి కొన్నాళ్లు మళ్లీ గలగలలాడతాయి. ఆ గిన్నె గురించి ఇంట్లో జరిగే గొడవ నాకు అనవసరం.

ఇప్పటి సమస్య వేరే. పాడేవాడికి అరవై దాటాయి. పై స్వరాలు అందడం లేదు. పాటలన్నీ ఒక స్వరం కిందికి దించారు. గిటారుకు అదేం పెద్ద విషయం కాదు గానీ, నాకు అట్టడుగు తీగకు కింద ఇంక మెట్టు లేదు. అయిదు తీగల బేస్ వాయించి చూద్దామని మా వడ్రంగి దుకాణానికి వెళ్లొచ్చాడు. అయిదోది ఎక్కడుందో వెతుక్కునేలోపు పాట అయిపోతోందట. నాకు ప్రాణం లేచొచ్చింది. అందుకని బిరడ తిప్పి నా లావు తీగనే వదులు చేశాడు. ఉడికి ఉడికి ఉన్న ఆ తీగ అంత వదులుకు ఓర్చుకోలేక మెట్ల మీద గరగరమంటోంది. ఇంకా లావు తీగలు కొనక తప్పదు. ఆ ఖర్చు బ్యాండు ఉమ్మడి డబ్బులోంచి రావాలని ఈయన, గొంతు ఎవరిదో డబ్బు వాడిదేనని డ్రమ్ములతను. పాడేవాడు ఫోను ఎత్తడం లేదు. శనివారం ఓట్లీలో తొమ్మిదింటికి వాయించాలి.