సూదిమందు చీటీకి టీకా తాత్పర్యాలు

మూలం

వారానికొకసారి, పొట్టమీద, 0.25.
నాలుగు వారాలు ఇంతే.
కొంచెం కొంచెంగా తినాలి.
నూనె తగ్గించాలి.
నీళ్లు తాగాలి.
నొప్పి ఎక్కువైతే వెంటనే రావాలి.

అవతారిక

ఒళ్లు తగ్గే సూది మొదలుపెట్టినవారికి డాక్టరు రాసిచ్చే చీటీ ఇది. సూత్రాలు ఆరు. సూత్రమన్నాక తక్కువ అక్షరాల్లో ఉండాలని పెద్దల నియమం. బయట బెంచీ మీద ఇరవైమంది కాచుకొని ఉన్న డాక్టరు ఆ నియమాన్ని పాణినికన్నా నిష్ఠగా పాటిస్తాడు. ఇటువంటి గ్రంథానికి వ్యాఖ్య లేకపోతే ఏమవుతుందంటే, చదివినవాడు అంకె ఒక్కటీ చూసుకొని, "తినాలి, తాగాలి, ఇవన్నీ తెలిసిందే కదా" అని చీటీ మడిచి జేబులో పెట్టుకుంటాడు. మూడో రోజు పొద్దున బాత్‌రూములో కూర్చొని ఆ తెలిసిన మాటలను మళ్లీ విప్పి చదువుతాడు. మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. చీటీలో లేనిదే ఎక్కువ కాబట్టి ఇక్కడ ఆ నియమం కుదరదు.

కాలనిర్ణయం: మూలంలో తేదీ చెదిరిపోయింది. అంతస్సాక్ష్యం మాత్రం గట్టిగా ఉంది. 0.25 అన్నారు గనుక మందు సెమాగ్లుటైడ్. 2025 మార్చిలో మనదేశంలో దిగిన మౌంజారో, అంటే టిర్జెపటైడ్, అయితే 2.5 అని ఉండేది. సెమాగ్లుటైడ్‌ను వెగోవీ పేరుతో 2025 జూన్‌లో ఇక్కడ అమ్మకానికి తెచ్చారు. కనుక చీటీ అంతకు పూర్వానిది కాదు. అమెరికాలో ఉన్న కొడుకులు, కోడళ్లు సూట్‌కేసులో తెచ్చిన ప్రతులు ముందునుంచే ఉన్నాయిగానీ, వాటికి చీటీ ఉండదు, ఫోన్లో సలహా మాత్రమే ఉంటుంది. 2026 మార్చి సెమాగ్లుటైడ్ పేటెంటుకు మనదేశంలో గడువు. ఆపైన దేశీ కంపెనీల పాఠాలకు దారి తెరుచుకుంటుంది గనుక వ్యాఖ్య అవసరం పెరిగేదేగానీ తగ్గేది కాదు.

అనుబంధ చతుష్టయం: విషయం, వికారం. ప్రయోజనం, సూది మానకుండా రెండో నెలకు చేరడం. అధికారి ఎవరంటే, బీఎంఐ 30 దాటినవాడు, లేదా 27 దాటి షుగరో బీపీయో తోడున్నవాడు. చెల్లెలి పెళ్లినాటికి షేర్వాణీ పట్టాలనుకునేవాడు అధికారి కాడు. గర్భిణులు, బిడ్డ కోసం చూస్తున్నవారు, ఇంట్లో ఎవరికైనా మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవారు ఈ గ్రంథం తెరవనే కూడదు.

ఇక సంబంధం. ఇక్కడ కొంచెం ఆగాలి. 1910ల్లో క్రిస్టియన్ ఫ్రిమోడ్-మోలర్ అనే డెన్మార్క్ డాక్టరు మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం నడిపించాడు. క్షయకు మందు లేని కాలం. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇదే వైద్యం. రోగిని తూకం వేసి, ముల్లు పైకి పోతే నయమవుతోందని సంతోషించేవారు. 1948 ఆగస్టులో దేశంలో సామూహిక బీసీజీ సూదులు మొదలైందీ మదనపల్లెలోనే. ఇప్పుడు అదే ఊరికి అదే డెన్మార్క్ నుంచి, నోవో నార్డిస్క్ కంపెనీ పేరుతో, ముల్లును కిందికి దింపే సూది వచ్చింది. చిక్కిపోయినవాణ్ణి చూసి "ఏం నాయనా, ఒంట్లో బాగలేదా?" అని అడగడం మా సీమలో ఇంకా పోకపోవడానికి ఆరోగ్యవరం జ్ఞాపకం కూడా ఒక కారణమని ఈ వ్యాఖ్యాత అనుమానం.

ఈ చీటీకి మూడు సంప్రదాయాలు ఉన్నాయి. మదనపల్లెవారు చదువుకున్నవారు, అన్నిటికీ ప్రమాణం అడుగుతారు. పుంగనూరువారు జాతరను ముందు పెట్టుకొని సూత్రానికి అర్థం చెబుతారు. కుప్పంవారి డాక్టరు బెంగళూరులో ఉంటాడు కాబట్టి రైలు దిగేలోగా సగం మరిచి, మిగిలినదాన్ని తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ సందేహిస్తారు.

మొదటి సూత్రం

ప్రతిపదార్థం: వారానికొకసారి = ఏడు రోజులకొకమారు, ఎంచుకొన్న ఆ వారమందే; పొట్టమీద = బొడ్డుకు రెండంగుళాలు ఎడంగా, ప్రతిమారు చోటు మార్చి; 0.25 = మిల్లీగ్రాములో నాలుగోవంతు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో చుక్క కనబడదు, కొన్నిట్లో ఒక అంకె పక్కకు జరిగి ఉంటుంది. కావ్యంలో సున్న జారితే ప్రాస చెడుతుంది, అంతే. ఇక్కడ చుక్క జారితే మోతాదు పదిరెట్లు. ఇది పండితుల ఊహ కాదు. అమెరికాలో సీసాలోంచి సిరంజిలోకి తామే లాగి పొడుచుకున్నవారు 5 నుంచి 20 రెట్లు వేసుకొని ఆస్పత్రి పాలయ్యారని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జులైలో హెచ్చరించింది. మందు నింపి ఉన్న సూది పెన్ను అయితే తిప్పిన అంకె గడిలో కనబడుతుంది. సీసా, సిరంజి అయితే మొదటిసారి నర్సు చేతిమీదుగానే జరగాలని అన్ని సంప్రదాయాల ఏకాభిప్రాయం.

విశేషం: ఏ వారమన్నది మూలకర్త చెప్పలేదు. చాలామందికి వేసిన మరునాడు, ఆ మరునాడు వికారం ఎక్కువ. శనివారం రాత్రి వేసుకొని ఆదివారం నాటుకోడి ముందు కూర్చోవడం మదనపల్లెలో తరచూ జరిగే పొరపాటు. సోమవారమే మేలని పుంగనూరు వ్యాఖ్య. ఈ ఒక్కచోట పుంగనూరువారిదే సిద్ధాంతం.

రెండో సూత్రం

శంక: వేలకు వేలు పోసి కొన్నాం. 0.25తో బరువు పెద్దగా తగ్గదని డాక్టరే అంటున్నాడు. మరి పెద్ద మోతాదుతోనే మొదలుపెడితే డబ్బూ కాలమూ కలిసిరావా?

సమాధానం: కలిసిరావు. ఈ పావు బరువు కోసం కాదు, కడుపుకు అలవాటు చేయడానికి. 0.25, 0.5, 1, 1.7, 2.4 అని అయిదు మెట్లు. మెట్టుకు నాలుగు వారాలు నిలబడితే పదహారు వారాలకు పైమెట్టు. వేసిన మందులో సగం తరగడానికే దాదాపు వారం పడుతుంది గనుక, పాతది ఉండగానే కొత్తది చేరి కొన్ని వారాలపాటు ఒంట్లో మందు పెరుగుతూనే ఉంటుంది. మాత్రయితే మరునాటికి మానేయవచ్చు. దీన్ని వేశాక వెనక్కి తీయలేం. అందుకే మెట్టు ఎక్కిన ప్రతిసారీ వికారం మళ్లీ పలకరిస్తుంది. ఓర్చుకోలేకుంటే ఉన్న మెట్టుమీదే ఇంకో నెల ఉండవచ్చు. అది డాక్టరుతో మాట్లాడి చేసుకోవలసిన సర్దుబాటు, ఓటమి కాదు.

ప్రమాణం ఏదని మదనపల్లెవారు అడుగుతారు. 2021లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయిన పరీక్షలో 1,961 మందిని 68 వారాలపాటు గమనించారు. మందు పడినవారు సగటున 14.9 శాతం బరువు తగ్గారు. వారిలో 44 శాతం మందికి వికారం, సుమారు 25 శాతం మందికి వాంతులు. కడుపు బాధల వల్ల మొత్తానికే మానుకున్నవారు 4.5 శాతం. అంటే కడుపు తిప్పినవారిలో అత్యధికులు గట్టెక్కారు. ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ చెప్పుకోరు. మందులేని ఉత్తసూది పొడిపించుకున్నవారిలోనూ 17 శాతం మందికి వికారం వచ్చింది. అరవై ఎనిమిది వారాల్లో ఎవరికైనా ఏదో ఒకనాడు కడుపు తిప్పక మానదు కదా. కనుక ప్రతి తేన్పునూ సూది ఖాతాలో రాయకూడదు.

ఇందులోనే ఇంకో శంక. కొందరికి విరేచనాలు, కొందరికి మలబద్ధకం. ఒకే కారణానికి ఎదురుబొదురు ఫలాలా? తర్కానికి విరుద్ధమేగానీ పేగులు తర్కం చదువుకోలేదు.

మూడో సూత్రం

గ్రంథానికంతటికీ ప్రాణం ఇదే. అందరూ దాటేసేదీ ఇదే.

శంక: "కొంచెం" అంటే చాలదా? ఆమ్రేడితం వ్యర్థం కాదా? వ్యర్థం కాదు. మొదటి కొంచెం పరిమాణాన్ని చెబుతుంది, రెండోది వేగాన్ని. తిన్నాక పేగు విడిచే జీఎల్‌పీ-1 అనే హార్మోను సహజంగా రెండు నిమిషాల్లో చెదిరిపోతుంది. ఈ మందు దాని వేషం కట్టి వారమంతా రంగం దిగదు. మెదడుకు "చాలు" అని చెబుతూనే ఉంటుంది, కడుపులోని తిండిని కిందికి తొందరగా వదలదు. మొదటి వారాల్లో ఈ ఆలస్యం ఎక్కువ. "చాలు" అన్న కబురు మెదడుకు చేరేలోగా పాత అలవాటు కొద్దీ రెండో ముద్ద లోపలికి పోయిందంటే అది పైకి వచ్చే దారి వెతుక్కుంటుంది.

ఇక్కడ మా సీమకు ఒక ప్రత్యేక సంకటం. సంగటిని మేం నమలం. ముద్ద తుంచి, పులుసులో అద్ది, గుటుక్కున మింగుతాం. నమిలేవాణ్ణి పైఊరివాడని వెంటనే గుర్తుపడతారు. నమిలి, ఆగి, ఇంకా నమిలి తినమని చెప్పే సూత్రానికీ సంగటికీ పుట్టుకతో పడదు. కుప్పం వ్యాఖ్యాతలు దీనికొక దారి చెప్పారు, మెచ్చుకోదగినది: సూది వేసిన తర్వాత రెండు రోజులు సంగటి మాని, అదే రాగిపిండితో పలుచని జావ కాచి మజ్జిగ కలిపి గ్లాసుడు గ్లాసుడుగా మూడు నాలుగుమార్లు తాగడం. ఊరు మారదు, పిండి మారదు, మింగుడు ఒక్కటే మారుతుంది.

జావతో ఇల్లు గడుస్తుంది, చుట్టాలిల్లు గడవదు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో గంగమ్మ జాతర, రెంటికీ అల్లుడు రావాల్సిందే, వచ్చినవాడు తినాల్సిందే.

"ఏం నాయనా, అంతేనా? ఉండు, ఇంకో ముద్ద ఏస్తా."

"చాలత్తా, కడుపు నిండిపాయె."

"యాడ నిండింది? చంటిబిడ్డ తినేంత తింటివి. పులుసు బాగలేదా ఏంది?"

ఈ సంభాషణకు ఏ చీటీలోనూ సూత్రం లేదు. సూది వేసుకుంటున్నానని చెబితే ఊరంతా తెలుస్తుంది. చెప్పకపోతే అత్తగారు నొచ్చుకుంటుంది. ఈ మందుతో వచ్చే ఇబ్బందుల్లో తీవ్రమైనది ఇదేనని, కంపెనీవాళ్లు కరపత్రంలో దీన్ని వేయకపోవడం లోపమని పుంగనూరు వ్యాఖ్యాతల ఫిర్యాదు. లోకంలో నడుస్తున్న ఉపాయం: విస్తరి ముందు మొదటినుంచీ మెల్లగా తింటూ, అందరూ లేచేదాకా చెయ్యి ఖాళీగా కనబడకుండా చూసుకోవడం. "గ్యాస్ట్రబులత్తా" అనే మంత్రం కూడా పనిచేస్తుంది. అది అబద్ధం కూడా కాదు.

నాలుగో సూత్రం

"నూనె" ఉపలక్షణం. బజ్జీ, వేపుడు, చెనక్కాయల ఊరుబిండి, నెయ్యి అన్నీ ఇందులో చేరతాయి. కొవ్వు అసలే కడుపులో ఎక్కువసేపు ఉంటుంది. సూది తోడైతే ఇక కదలదు. ఆపై వచ్చే కుళ్లిన గుడ్డు వాసన తేన్పుల గురించి ఇంట్లోవాళ్లే వ్యాఖ్యానిస్తారు.

పుంగనూరువారి ఆక్షేపం: పుంగనూరు ఆవు నెయ్యి నూనె కాదు, ఔషధం. సిద్ధాంతం: ఆవు పొట్టిదేగానీ పాలలో వెన్న పొట్టిది కాదు. కడుపుకు జాతి తెలియదు. టమాటా విషయంలో మదనపల్లెవారు మౌనం వహించారు. అంత పెద్ద మార్కెట్ ఊళ్లో పెట్టుకొని, పులుపు గుండెమంటను పెంచుతుందని రాయడానికి వారికి చెయ్యి రాలేదు. కుప్పంవారు రాశారు.

"తగ్గించాలి" అన్నారని తిండే మానేస్తే అతివ్యాప్తి దోషం. ఖాళీ కడుపు కూడా తిప్పుతుంది. కండ కరుగుతుంది. కొన్ని నెలలకు దువ్వెన నిండా వెంట్రుకలు వస్తాయి. ఉడికిన గుడ్డు, ఉలవలు, పెరుగు, పప్పు, వీటిని కొంచెంలోనే ముందు తినాలి, అన్నం తర్వాత.

అయిదో సూత్రం

ఆకలితో పాటు దాహమూ తెలియదు, కాబట్టి గుర్తుపెట్టుకొని తాగాలి. అన్నంతో చెంబెడు కాదు, మధ్యమధ్య గుక్కెడు గుక్కెడు. వాంతులో విరేచనాలో ఉంటే ఓఆర్ఎస్. ఈ పదానికీ పాఠాంతరాలున్నాయి. అదే పేరు పెట్టుకొని చక్కెర నీళ్లు అట్టపెట్టెల్లో అమ్మేవారు. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ, అసలు సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ పేరు ఉండరాదని ఆదేశించింది. మందులషాపులో పొడి పొట్లం అడగాలి, మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడాలి. బీపీకి నీరు తీసే మాత్ర వాడేవారు ఒళ్లు ఎండనిస్తే మూత్రపిండాలకు దెబ్బ.

ఆరో సూత్రం

ఇందులో క్లిష్టపదం "వెంటనే". మా సీమలో వెంటనే అంటే సంత అయిపోయాక, టమాటా కోత ముగిశాక, లేదా జాతర అయిన మరునాడు అని రూఢ్యర్థం. ఇక్కడ యోగార్థమే గ్రాహ్యం: ఈ పూటే. పైకడుపులో మొదలై వీపుకు పాకే తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు ఉంటే పాంక్రియాస్ వాపు కావచ్చు. కుడి డొక్క నొప్పితో జ్వరం, కళ్లు పచ్చబడటం ఉంటే పిత్తాశయంలో రాళ్లు కావచ్చు. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రో ఇన్సులినో కూడా వాడుతూ చెమటలు పట్టి చేతులు వణికితే చక్కెర పడిపోయింది, ముందు చక్కెర నోట్లో వేసుకొని తర్వాత డాక్టరు. ఏదైనా ఆపరేషనుకు పోతే మత్తుమందు డాక్టరుకు ఈ సూది సంగతి ముందే చెప్పాలి. రాత్రంతా పస్తున్నా కడుపు ఖాళీ కాకపోవచ్చు.

ప్రక్షిప్తం

చీటీ వెనక వేరే సిరాతో "ఫ్రిజ్" అని ఒక మాట ఉంది. మందులషాపు అబ్బాయి చేర్చినదని మదనపల్లెవారు, డాక్టరుదేనని కుప్పంవారు. ఎవరిదైనా గ్రాహ్యమే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య, పైన గడ్డకట్టే అరలో కాకుండా కింది అరలో. బెంగళూరు నుంచి రైల్లో తెచ్చేవారు ఐస్ ప్యాక్ వాడవచ్చు, మందు ఐసుకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టాలి. గడ్డకట్టిన పెన్నును కరిగించి వాడటం ఏ సంప్రదాయంలోనూ లేదు. ఎంత పెట్టి కొన్నదైనా పారేయవలసిందే.