ఎన్ని గుఱ్ఱములు కట్టవలెను?

ఇంజనీరింగు చదువుచున్న మా మేనల్లుడు సెలవులకు వచ్చి, పెరటిలో ఇనుప గొట్టములను అతికించి, నేలకు జానెడెత్తున ఒక ఆసనమును బిగించి, దానికి గో-కార్టని నామకరణము చేసినంతవఱకు ఇంట నెవరికిని అభ్యంతరము లేకుండెను, కాని "దీనికి ఎన్ని హార్స్‌పవర్ల ఇంజను పెడదాం, మామయ్యా?" అని వాడు అరుగు మీద పదిమంది వినుచుండగా అడుగుటతో, పుట్టి బుద్ధెఱిగి స్పానరు చేతబట్టనివారు సైతము యంత్రశాస్త్ర పారంగతులైరి. సైకిలు తప్ప మఱొక వాహనమును నడిపి యెఱుగని మా పెదనాన్నగారు, మనుష్యుడు కూర్చుండు బండికి పదికి తక్కువైనచో పరువు దక్కదనిరి. ఎదురింటి విశ్రాంత తహశీల్దారుగారు పదునైదనిరి. వేలముపాటలో వలె సంఖ్య పెరుగుచుండెనే గాని, ఆ గుఱ్ఱములన్నియు మా సందులో ఎచట తిరుగవలెనో ఒక్కరును సెలవీయరైరి.

లోకములను చుట్టివచ్చు సూర్యభగవానుని రథమునకే ఏడు గుఱ్ఱములు. మన పాలవాడు క్యానులు వ్రేలాడదీసికొని పోవు నూరు సీసీ మోటారుసైకిలులో ఇంచుమించు ఎనిమిది కలవు. అయినను అతడు అందుకై గర్వించిన జాడ లేదు. అసలీ కొలతయే కొంత ఉదారమైనది. తన ఆవిరియంత్రముల సత్తువను కొనువారికి బోధపఱచుటకై జేమ్స్ వాట్ మహాశయుడు, ఒక గుఱ్ఱము నిమిషమునకు 33,000 పౌన్ల బరువును అడుగెత్తు లేపగలదని నిర్ణయించెను. దినమంతయు ఆ పని చేయుమన్నచో ఏ గుఱ్ఱమైనను కొట్టము వీడి పాఱిపోవును. ఇక 1956లో కాలిఫోర్నియాలో, రేసుకార్లు కట్టు పనిలోనున్న ఆర్ట్ ఇంగెల్స్ ఈ కార్టుజాతికి ఆద్యమైన బండిని నిర్మించినపుడు, దానికి తగిలించినది గడ్డికోత యంత్రములకై తయారైన రెండున్నర అశ్వముల ఇంజను మాత్రమే.

మేనల్లుడును నేనును కాగితము ముందిడుకొని కూర్చుంటిమి. బండియు వాడును కలిసి నూటయేబది కిలోలు. చదునైన నేలపై గంటకు ముప్పది కిలోమీటర్ల వేగమునకు, చక్రముల రాపిడికిని ఎదురుగాలికిని కలిపి, ఒక్క గుఱ్ఱము కూడ పూర్తిగా అవసరపడలేదు! పదడుగులకు అడుగు చొప్పున లేచు ఎత్తునెక్కుటకు సుమారు రెండున్నర చాలునని తేలెను. చైనులో పోవునది పోగా, నాలుగైదున్నచో సమృద్ధి. అంతకు మించి ఉబలాటపడువారికి గాలి గట్టి శత్రువు: వేగము రెట్టింపైన దాని నెదిరించుటకు వలయు శక్తి ఎనిమిదింతలగును, బండి నాపుటకు వలయు దూరము నాలుగింతలగును. అరుగు సభలో బ్రేకుల ప్రసక్తి వచ్చినట్లు నాకు జ్ఞాపకము లేదు.

విజయవాడ ఆటోనగరులో ఒక మేస్త్రీ, పొలమునకు నీరు తోడి విశ్రమించిన అయిదు హార్స్‌పవర్ల పెట్రోలు ఇంజనును చూపెను. గుడ్డతో తుడిచిన కొలది ఎఱ్ఱమన్ను రాలుచుండెను గాని, త్రాడు లాగగానే అది అలుక లేక పలికెను. "చిన్న ఇంజనని చూడకండి సార్, వెనక పెద్ద స్ప్రాకెట్టు వేస్తే ఏనుగునైనా లాగుద్ది" అని అతడు నల్లని వ్రేళ్ళతో పళ్ళు లెక్కించి చూపెను: ముందు పండ్రెండు, వెనుక డెబ్బదిరెండు. ఇంజను నిమిషమునకు 3,600 చుట్లు తిరుగగా ఇరుసు 600 తిరుగును. పదునొకండంగుళముల చక్రముతో గంటకు ముప్పదిరెండు కిలోమీటర్లు. గేర్లు లేవు గనుక, వేగము పుంజుకొన్నపుడు తనంత తానే పట్టుకొను క్లచ్చి యొకటి కావలెననియు అతడే చెప్పెను. ఆ అయిదు నిమిషముల ఉపన్యాసము అరుగు మీది సాయంకాలములన్నిటికంటె విలువైనదని నా అభిప్రాయము.

ఇంజను ఇల్లు చేరగానే పెదనాన్నగారు "పంపుసెట్టుదా!" అని ముఖము త్రిప్పుకొనిరి. మేనల్లుడు సమాధానము చెప్పక, సైలెన్సరు బిగింపక మునుపే త్రాడు లాగెను. ఆ భీకరధ్వనికి కొబ్బరిచెట్టు మీది కాకులు లేచిపోయెను, ఎదురింటి తలుపులు తెఱచుకొనెను, తహశీల్దారుగారు కండువా సవరించుకొనుచు వచ్చి, ఇది పదునైదుకు తగ్గదని తీర్పు చెప్పిరి. పెదనాన్నగారు క్షణకాలమాలోచించి, పదునాఱుండవచ్చుననిరి. అంతవఱకు మౌనము వహించిన మా బావగారు మాత్రము పొగలోనుండి ముందుకు వచ్చి, కొడుకు చెవిలో అఱచిరి:

"అది సరేరా, లీటరుకు ఎంత ఇస్తుంది?"